చూపును ఏ ఖాతాలో వ్రాయవలెను?

ముసలియెద్దును కొట్టమునుండి వెడలగొట్టిన రైతును మన పల్లెలలో నలుగురును ఏవగించుకొందురు. అది దున్నలేదు, బండి లాగలేదు. ఐనను దానికింత గడ్డి వేయుట ధర్మమని చెప్పుటకు ఏ శాస్త్రులవారును రానక్కరలేదు. ఎద్దు ముసలిదగుటలో రైతు చేసిన నేరమేమియు లేదు. కాలము దానిని ముసలిని చేసినది. నేరము లేకున్నను ఋణము కలదని అక్షరము రానివాడు సైతము ఒప్పుకొనుచున్నాడు. ఈ న్యాయము మనుష్యుని యవయవమునకు వర్తించునా, వర్తింపదా యనునది మేమీ వ్యాసమున విచారింపదలచిన విషయము. అవయవములలో నయనమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు గావున నయనమునే తీసికొంటిమి. అందులోను, మన యిరుగుపొరుగుల కుట్టుపని చేసి జీవించువారి నయనములను తీసికొంటిమి.

మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను చదివి, ముప్పదియైదు సంవత్సరములు సౌకార్‌పేట గుడ్డల వ్యాపారమున గుమాస్తాగిరి చేసి విరమించినవారము. చిట్టా, ఆవర్జా, లెడ్జరు, ఇవియే మేమెరిగిన శాస్త్రములు. ఆ శాస్త్రమున ఒక నియమము కలదు. ఒకచోట జమ పడినచో దానికెదురుగా మరియొకచోట ఖర్చు పడి తీరవలెను. సరకు తగ్గినచో తరుగు వ్రాయవలెను. మిషను పాతబడినచో ఏటేట దాని విలువలో తరుగుదల చూపవలెను. కుట్టుమిషనులకు తరుగుదల మేము మా చేతితోనే వ్రాసితిమి. ఆ మిషను ముందు కూర్చున్న మనిషి కంటికి తరుగుదల వ్రాయబడుట ఏ పుస్తకమునను చూడలేదు. ఆడిటరును అడుగలేదు.

మన పేట చరిత్రమే గుడ్డతో మొదలైనది. 1639లో ఫ్రాన్సిస్ డే యను ఆంగ్లేయుడు ఈ తీరమున స్థలము సంపాదించుటకు నేతగుడ్డలును, అద్దకపు గుడ్డలును ఇచ్చట చౌకగా దొరకుటయే ముఖ్యకారణము. అతనికి దుబాసీగా నిలిచిన బేరి తిమ్మప్ప తెలుగువాడు. కోటకు ఉత్తరమున వెలసిన నల్లవారి పట్టణమున నేతగాండ్రును, అద్దకమువారును, చలువచేయువారును కాపురము లేర్పరచుకొనిరి. 1734లో గవర్నరు పిట్టు కాలమున నేతపనివారికొరకే చింతాద్రిపేట కట్టబడినది. చిన్నతఱిపేట యనుట నుండి ఆ పేరు వచ్చినదనియు, తఱి యనగా అరవమున మగ్గమనియు చెప్పుదురు. గుడ్డబేళ్ళ లెక్కను కుంపిణీవారు శ్రద్ధగా వ్రాసి యుంచుకొనిరి. ఆ బేళ్ళను నేసిన కన్నులు ఎంతకాలము పనికి నిలిచినవో వ్రాయవలెనని ఎవరికిని తోచలేదు. ఇటలీ దేశమున బెర్నార్డీనో రామజ్జీనీ యను వైద్యుడు మాత్రము 1700లో పనివారల రోగములను గూర్చి గ్రంథము వ్రాయుచు, సూక్ష్మమైన పని చేయువారి కండ్లకొరకు ఒక ప్రకరణము కేటాయించెను. నడుమనడుమ తలయెత్తి, పనినుండి దృష్టి మరల్చి దూరపు వస్తువులను చూడుడని ఆయన చెప్పిన సలహానే నేటి వైద్యులును చెప్పుచున్నారు. మూడు వందల యేండ్లకు పైబడి చెప్పుచున్న సలహా ఇంకను అమలు కాకుండుటకు కారణము అజ్ఞానము కాదు. తలయెత్తిన క్షణమున కుట్టు ఆగును. కుట్టు ఆగిన కూలి ఆగును.

నేటి సౌకార్‌పేటను చదువరులకు వర్ణించి చెప్పనక్కరలేదు. గోడౌను వీధిలో తానులు, గోవిందప్ప నాయకుని వీధిలో జరీయంచులు, లేసులు, గుండీలు, పూసలు. తంగసాల వీధి పొడవునను సేట్ల దుకాణములు. కొనుగోలుకు వచ్చువారు వీథిమట్టమునే చూచి పోవుదురు. మేడమెట్లెక్కి చూడవలెను. ఇరుకైన నిడుపాటి యిండ్లు. ముందొక కిటికీ, వెనుకనొక వెంటిలేటరు, నడిమి గదులకు మిట్టమధ్యాహ్నమునను దీపమే గతి. అట్టి గదిలో నాలుగో, ఆరో మిషనులు. లోపావడలు, నైటీలు, బడిపిల్లల దుస్తులు, రవికలు అచ్చట తయారగును. కూలి దినమునకు కాదు, పీసునకు. కటింగుమాస్టరు కత్తిరించి పడవేసిన ముక్కల మూటను వాటాలు వేసికొని, చీకటిపడిన తరువాతను కుట్టుచుందురు. దీపావళికి నెలముందు, పెండ్లిండ్ల తరుణమున, బడులు తెరచుటకు ముందు వారికి రాత్రి పగలు లేదు.

నెల్లూరు జిల్లానుండి చిన్నతనమున వచ్చి ఈ పనిలో కుదురుకొన్న ఒక దర్జీతో మాకు చిరకాల పరిచయము. అతనికి ఏబది దాటినవి. ఒకనాడు నల్లని లంగాగుడ్డ కుట్టుచుండగా, దారము కనబడుచున్నదా యని మేమడిగితిమి. "నల్లగుడ్డ మీద నల్లదారం రాత్రిపూట యాడ కనపడుద్ది సారూ? చేతి ఎరికమీద పోనిస్తా" యని నవ్వెను. చేతి యెరుకతో కుట్టు వంకర పోదు, నిజమే. కాని సూదిలో దారమెక్కించుటకు అతడు పక్కనున్న పిల్లవానిని పిలుచుచున్నాడు. ముదురురంగు గుడ్డలను పడుచువారికి వదలి, తెల్లనివి తాను తీసికొనుచున్నాడు. తెల్లని వానికి పీసురేటు తక్కువ. పది సంవత్సరముల క్రిందట తాను కుట్టినదానిలో ఇప్పుడు మూడవవంతు తగ్గినదని అతడే చెప్పెను. చేతులు మొద్దుబారలేదు, ఓపిక తగ్గలేదు. కండ్లజోడేల పెట్టుకొనవని అడిగినచో, "జోడు పెడితే మేస్త్రి కొత్త మూట నా చేతికీడు సారూ, కళ్ళు పోయినోడంటాడు" అనెను.

ఇంటనుండి పని చేయు స్త్రీల స్థితి ఇంతకన్న మరుగున నున్నది. చీరలకు ఫాల్సు కుట్టుట, పీకో చేసి వచ్చిన యంచులు సరిచేయుట, కాజాలు తీయుట, రవికలపై మగ్గంపని యను పేర పూసలును చమ్కీలును కూర్చుట, ఇవన్నియు వంట ముగించిన తరువాత గోడకు చేరగిలబడి చేయు పనులు. పెండ్లికూతురి రవిక చేతులపై మెరయు నెమలి యెవరి యింటి దీపముక్రింద పుట్టినదో, దానిని తొడిగినవారికిని తెలియదు, అమ్మినవారికిని తెలియదు. ఆ స్త్రీలకు మేస్త్రిభయము లేదు గాని వేరొక సంకోచము కలదు. నలుబదియేండ్ల యాడుది కండ్లజోడు పెట్టుకొన్నచో ముసలితనము వచ్చినదందురేమోనని వెనుదీయుదురు. తలనొప్పికి అమృతాంజనము రాచుకొని మరల సూది పట్టుదురు.

ఇక కంటి సంగతి. మన భాషలో దీనికి చత్వారమను చక్కని మాట కలదు. ఆ మాటలోనే నలుబది యను సంఖ్య దాగియున్నది. అరవమున వెళ్ళెళుత్తు అందురు. అక్షరము తెల్లబడుట యని యర్థము. ఇంగ్లీషు వైద్యులు పెట్టిన పేరుకన్న ఈ రెండును అనుభవమునకు దగ్గర. కంటిలోని కటకము చిన్ననాడు మెత్తగా సాగునది. దగ్గరి వస్తువును చూచునపుడు దాని చుట్టునున్న చిన్న కండరము బిగిసి, కటకము ఉబ్బుటకు వీలు కల్పించును. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ 1855లో ఈ మర్మమును వివరించెను. ఏడేడాది ఆ కటకము గట్టిపడుచు పోవును. ఈ శక్తిని డయాప్టరులను కొలతతో లెక్కింతురు. 33 సెంటీమీటర్ల దూరముననున్న సూదిమొనను స్పష్టముగా చూచుటకు 3 డయాప్టరులు కావలెను. 40వ యేట మనిషి చేతనున్నది సుమారు 5. 50వ యేట సుమారు 2. 60వ యేట 1. ఉన్నశక్తి నంతయు వాడుట కుదరదు. గంటలతరబడి చేయు పనికి సగము నిల్వయుంచుకొనిననే కన్ను ఓర్చుకొనును. బ్యాంకులో నిల్వయున్న సొమ్మువంటిదే యిదియు. 5లో సగము రెండున్నర. సూదిమొనకు కావలసినది 3. నలుబదవ యేట లెక్క తప్పుటకు ఇదియే కారణము. దర్జీ గుడ్డను దూరముగా జరుపుకొనును. మిషను సూది జరుగదు గావున తలను వెనుకకు లాగుకొనును, లేక మెడను వంచి తంటాలు పడును.

ఇది గాక, దృష్టి నిలిపి చూచునపుడు రెప్పపాటు తగ్గును. మామూలుగా నిమిషమునకు 15 పర్యాయములు కొట్టుకొను రెప్ప, సూదిపై చూపు నిలిపినపుడు అందులో సగమునకును దిగును. కన్ను ఎండి మండును. గుడ్డనుండి రేగు నూగు దానికి తోడు. విద్యుత్తుతో నడచు కార్ఖానా మిషను నిమిషమునకు నాలుగైదు వేల కుట్లు వేయగలదు. అంత వేగమునకు కన్ను కావలి కాయవలెను. ముదురుగుడ్డ వెలుతురును మ్రింగివేయును. తెల్లగుడ్డకు చాలిన దీపము నల్లగుడ్డకు చాలదు. వయస్సు మీరినవానికి పడుచువానికన్న వెలుతురు ఎక్కువ కావలెను. గదికంతకు ఒక్కటే దీపము కప్పునకు వ్రేలాడుచుండ, కుట్టువాని తలనీడ కుట్టుమీదనే పడును.

ఇచ్చట సత్యమును సత్యముగా చెప్పవలెను. కుట్టుపని వలన చత్వారము వచ్చునని వైద్యశాస్త్రము చెప్పదు. అది వడ్డీవ్యాపారికిని వచ్చును, పురోహితునికిని వచ్చును. మందవెలుతురున పని చేసిన కన్ను అలయును, మండును, తల నొచ్చును. కాని అందుచేతనే కన్ను చెడిపోవునని రుజువు లేదు. కార్ఖానా సేటుపై కోపముతో లేనిదానిని ఉన్నదని వ్రాసినచో మన వాదము ఒక్క ప్రశ్నకు కూలిపోవును. మాకు పరిచితుడైన ఒక సేటు ఈ ప్రశ్ననే వేసెను. "వయసు వస్తే చూపు తగ్గుతుంది. నా చూపూ తగ్గింది. దీనిలో నా తప్పేముంది గుమాస్తాగారూ? పీసుకింత అని చెప్పాను, ఒప్పుకొని కుట్టాడు, డబ్బిచ్చాను. మా ఇద్దరికీ చెల్లు."

ఈ మాట త్రోసివేయదగినది కాదు. అతడు మోసగాడు కాడు. కూలి ఒక్కనాడు ఎగవేయలేదు. అతనికి మిగులునది పీసునకు కొద్ది రూపాయలు. అతనిపై పెద్ద దుకాణమువాడు, వానిపై కొనువారును గలరు. ఐనను చెల్లు అను మాట మా చెవికి సరిపడలేదు. కూలి దేనికి వెల? ఆనాడు కుట్టిన పీసునకు వెల. ముప్పది సంవత్సరములు కుట్టినవాడు ముప్పది సంవత్సరముల పీసులు ఇచ్చివేసినాడు, వెల పుచ్చుకొన్నాడు, అంతవరకు చెల్లే. కాని వాడు దానితో పాటు వేరొకటి కూడ ఇచ్చినాడు. ఇరువదియేండ్ల వయస్సున ఏ పని నేర్చుకొన్నను నేర్చుకొనగలిగిన జీవితమును, దగ్గరిచూపు మీదనే ఆధారపడిన ఒక్క పనికి కట్టివేసికొన్నాడు. పురోహితునికి చత్వారము వచ్చిన మంత్రము కంఠస్థము. సేటునకు వచ్చిన చిట్టా చూచుటకు మావంటి గుమాస్తా కలడు. దర్జీకి వచ్చిన ఏమి కలదు? వచ్చిన కష్టము అందరికి సమానమైనను, ఆ కష్టము కోసివేయునది అందరికి సమానము కాదు. ఎద్దును ముసలిని చేసినది రైతు కాడు. కాని దానిని నాగలికి కట్టినవాడు రైతు.

పూర్వకర్మ యని చెప్పి విడిచిపెట్టువారును గలరు. కర్మసిద్ధాంతమును మేమును నమ్మువారమే. కాని పొరుగువాని కర్మను గూర్చి మాట్లాడునపుడే ఆ సిద్ధాంతము మనకు అంత సులభముగా జ్ఞప్తికి వచ్చుట విచారింపదగినది. మన పంటినొప్పికి కర్మమని ఊరకుండక డాక్టరును వెదకుచున్నాము.

చట్టము చెప్పినదానిని చూతము. 1918 ఏప్రిలు 27వ తేదీన సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు గారల పూనికతో, బి. పి. వాడియాగారి అధ్యక్షతను పెరంబూరు మిల్లుపనివారు మద్రాసు లేబరు యూనియను స్థాపించిరి. నాటి పోరాటములు కూలికొరకు, పనివేళలకొరకు, మర్యాదకొరకు జరిగినవి. తరువాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున 17వ సెక్షను పనిచేయుచోట చాలినంత, తగినంత వెలుతురుండవలెనని విధించినది. 35వ సెక్షను కంటిరక్షణను గూర్చినదే. కాని అది ఎగిరిపడు రవ్వలనుండి, అతిగానున్న కాంతినుండి రక్షణ. చాలని కాంతిలో నెమ్మదిగా అలసిపోవు కన్ను అందులోనికి రాదు. 2020లో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి తెచ్చిన కొత్త కార్మికస్మృతి ఇంకొక యడుగు వేసినది. 40 ఏండ్లు దాటిన పనివారికి యజమాని ఏటేట ఉచితముగా వైద్యపరీక్ష చేయింపవలెనని కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిరి. నలుబది యను సంఖ్యను చూచి మేము సంతోషించితిమి. కాని సామాన్యముగా ఆ స్మృతి పదిమందియో, అంతకెక్కువయో పనిచేయు సంస్థలకు. విశాఖ దగ్గరి అచ్యుతాపురమున వేలకొలది స్త్రీలు కుట్టుచున్న పెద్ద కార్ఖానాలకు అది చేరును, చేరవలెను. తంగసాల వీధి మేడగదిలోని ఆరు మిషనులకు చేరదు. ఇంటి గోడకు చేరగిలబడి ఫాల్సు కుట్టు తల్లికి అసలే చేరదు.

ఇక మాకు మిక్కిలి వింతగా తోచు విషయమును చెప్పవలెను. మాకు నలుబదిమూడవ యేట చత్వారము వచ్చినది. కండ్లజోడు కొనుక్కొంటిమి. మరునాడు కొట్టులో అడుగుపెట్టగానే కుర్ర గుమాస్తాలు మాకిచ్చు గౌరవము కొంత పెరిగినది. జోడు పైనుండి చూచి ఒకమాట అన్నచో ఆ మాటకు బరువు వచ్చుచుండెను. అదే గాజు, అదే ఫ్రేము, అదే నంబరు దర్జీ ముక్కుమీద పెట్టినచో వాని మూట తగ్గును. ఒక్క వస్తువు ఒకనికి విద్వత్తునకు చిహ్నము, మరియొకనికి అసమర్థతకు చిహ్నము ఎట్లైనది? చూపు తగ్గినందున కాదు. ఇరువురికి సమానముగనే తగ్గినది. వ్రాతపనిలో మనిషిని కొనుచున్నారు. చేతిపనిలో అవయవమును కొనుచున్నారు. మనిషికి జోడు అలంకారము. అవయవమునకు జోడు మరమ్మతు. మరమ్మతు చేసిన వస్తువునకు బజారులో ధర తక్కువ. మా యభిప్రాయమున చత్వారముకన్న ఈ తలపే పెద్ద జబ్బు.

ఈనడుమ శాస్త్రజ్ఞులు ఈ తలపునకు సమాధానముగా లెక్కలు తెచ్చిరి. అస్సాములో 40 ఏండ్లు దాటిన 751 మంది తేయాకు పనివారలలో సగముమందికి దగ్గరిచూపు కండ్లజోళ్ళిచ్చి, కోసిన ఆకును తూచి చూడగా, జోళ్ళు పెట్టుకొన్నవారి యుత్పత్తి తక్కినవారికన్న నూటికి సుమారు 22 వంతులు ఎక్కువ పెరిగెనని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రకటించిరి. బంగ్లాదేశమున పల్లెప్రజలలో జరిపిన ఇట్టి పరిశీలన ఫలితము 2024లో వెలువడినది. ఎనిమిది నెలలలో జోడు గలవారి యాదాయము లేనివారికన్న నూటికి 33 వంతులు అధికమైనదట. మేస్త్రులందరును చదువదగిన సంగతులివి. జోడు పెట్టుకొన్నవాడు కండ్లు పోయినవాడు కాడు, వచ్చినవాడని అవి చాటుచున్నవి.

ఐనను ఈ వాదమును మేము సగమే స్వీకరింతుము. జోడు ఇచ్చినచో ఉత్పత్తి పెరుగును గావున ఈయవలెను అన్నచో, పెరుగని చోట ఈయనక్కరలేదనుట కూడ అందులోనే యున్నది. అరువదియైదేండ్ల వృద్ధురాలు కుట్టుపని మానివేసినది. ఇపుడామె జోడడుగుచున్నది బియ్యములో రాళ్ళేరుటకు, మనుమని ముఖమును దగ్గరగా చూచుటకు. ఆ జోడువలన ఏ సేటునకు పీసు పెరుగును? ముసలియెద్దు విషయమున మన పల్లెవాడు లాభము లెక్కింపలేదు. ఇంతకు, పెరిగిన ఆ 22 వంతులు ఎవరి జేబులో పడవలెనను ప్రశ్న ఒకటి కలదు. పీసురేటుమీద పనిచేయువానికి కొంత పడును. కాని అందరును ఎక్కువ కుట్టుచున్నారని రేటు తగ్గించుట మేము ఈ వ్యాపారమున చూడని విద్య కాదు.

ఆసుపత్రులు లేవని చెప్పుటకు ఈ పట్టణమున వీలులేదు. ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో వెలసినది. లండనునందలి మూర్‌ఫీల్డ్స్ తరువాత ప్రపంచమున అదియే పురాతనమని చెప్పుదురు. 1976లో మధురలో వెంకటస్వామిగారు అరవింద ఆసుపత్రిని, 1978లో ఇచ్చట బదరీనాథ్‌గారు శంకర నేత్రాలయమును, 1987లో హైదరాబాదున గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థను స్థాపించిరి. బీదలకు ఉచితముగా చూచు ఏర్పాటులును కలవు. సౌకార్‌పేటనుండి ఎగ్మూరు ఎంతో దూరము కాదు. కాని దర్జీకి దూరము మైళ్ళలో లేదు. వెళ్ళి, వరుసలో నిలిచి, చూపించుకొని వచ్చుటకు ఒక పూట. పోయిన పూటకు పీసులు లేవు. రెండు మూడు వందలకు దొరకు జోడునకు అసలు వెల ఆ పూటకూలి. దానిని ఎవరు భరింపవలెనన్నది మా ప్రశ్నలో నిజమైన భాగము.

సేటు కొంత భరింపవలెను, సందేహము లేదు. మిషనుకొక చిన్న దీపము, సూదిలో దారమెక్కించు తగరపు సాధనము, ఇవి అతనికి భారము కావు. కాని కొనువారమైన మనమో? పెండ్లికి వారము ముందు రవికగుడ్డ ఇచ్చి, ఎల్లుండికి కావలెనని ఒత్తిడిచేయునది మన యిండ్లవారే. ఎల్లుండి యనగా రాత్రి రెండు గంటల దీపము. బేరములో ఏబది రూపాయలు తగ్గించి తెచ్చితిమని చెప్పుకొని సంతోషించునదియు మన యిండ్లలోనే. గుడ్డ తొడిగినవాడు ఋణపంక్తిలో చివరివాడు. చివరివాడైనందున తప్పించుకొనుటకు అతనికి వీలు ఎక్కువ.

మన సంఘమువారు ఏటేట వైద్యశిబిరము నడుపుచున్నారు. ఆదివారము ఉదయము, సంఘభవనమున. వచ్చువారిలో మావంటి పింఛనుదారులే అధికము. పీసుపనివారికి ఆదివారము సెలవు కాదు. వారికి పని మందగించునది దీపావళి దాటిన వారమున; అప్పుడు కూలి పోవునను భయము తక్కువ. ఆ వారమున ఒక మంగళవారమో బుధవారమో ఎంచుకొని, భవనమునకు వారిని పిలుచుటకు మారుగా, పరీక్షాఫలకమును జోళ్ళపెట్టెను ఆ మేడమెట్లపైకి మోసికొనిపోయినచో బాగుండునని కార్యదర్శిగారితో మనవి చేసియున్నాము. పరీక్షకు అక్షరముల ఫలకముకన్న నల్లగుడ్డయు, నల్లదారమును, ఒక సూదియు చాలునని మా దర్జీ చెప్పుచున్నాడు. మెట్లు నిటారుగానుండును, పెట్టె మోయుటకు పడుచువారు ఇరువురు కావలెను.